గడియారం చూసి కురిసే వాన: మలేషియాలో ఋతువుల లెక్క

మలేషియాకు బయలుదేరే తెలుగువాళ్లలో చాలామంది ముందుగా అడిగేది "అక్కడ ఎండాకాలం ఎప్పుడు?" అనే. కౌలాలంపూర్‌లో నాలుగైదేళ్లు ఉన్నవాళ్లు కూడా దీనికి జవాబు చెప్పబోయి తడుముకుంటారు. ఏడాదంతా ఎండాకాలమే అని కొందరు, ఏడాదంతా వానాకాలమే అని కొందరు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది గానీ, వాటిని నమ్ముకుని ఒక ప్రయాణం ఖాయం చేసుకోలేం, ఒక ఇల్లు ఎంచుకోలేం. అసలు చిక్కు ప్రశ్నలోనే ఉంది. మన కార్తెలు, మన సాగు, చివరకు ఆవకాయ పెట్టుకునే రోజు కూడా వేడి ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అన్న లెక్క మీద నిలబడ్డాయి. భూమధ్యరేఖ పక్కనున్న దేశంలో ఆ లెక్క సాగదు. అక్కడ నెలలను బట్టి మారేది గాలి దిక్కు. ఆ గాలికి మనం కొండల వరుసకు ఏ వైపున ఉన్నామన్నది రెండో సంగతి, రోజులో అది ఎన్నో గంట అన్నది మూడో సంగతి. ఈ మూడింటినీ విడదీసి చూడగలిగితే అక్కడి ఇల్లు, తిండి, జ్వరం, ప్రయాణం అన్నీ ఒక తీరులోకి వస్తాయి. కలగాపులగం చేసుకుంటే మాత్రం ఆకాశం మన మీద కక్ష గట్టినట్టే అనిపిస్తుంది.

కౌలాలంపూర్ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు మూడు డిగ్రీల దూరంలో ఉంది. అక్కడ జనవరి మధ్యాహ్నమైనా మే మధ్యాహ్నమైనా ఉష్ణోగ్రత 32, 33 డిగ్రీల దగ్గరే ఉంటుంది, తెల్లవారుజామున 24 దగ్గరికి దిగుతుంది. నెలకూ నెలకూ మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలైతే, ఒకే రోజున మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య తేడా ఎనిమిది తొమ్మిది డిగ్రీలు. మనకు పన్నెండు నెలల మీద పరుచుకుని ఉండే మార్పు అక్కడ ఒక్క రోజులోకి ముడుచుకుపోయిందన్నమాట. పగటి పొడవు కూడా ఏడాది మొత్తం మీద ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే మారుతుంది. చాంద్రమానాన్ని అనుసరించే రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఋతువులన్నీ చుట్టివస్తుంది కనుక, ఉత్తర ఐరోపాలో ఉపవాసం ఒకప్పుడు పద్దెనిమిది గంటలకు సాగుతుంది, మరొకప్పుడు సగం రోజుకన్నా తగ్గిపోతుంది. మలేషియాలో మాత్రం ఏ ఏడు చూసినా పదమూడు గంటల పైచిలుకే.

మరి రామగుండంలో 42 డిగ్రీల ఎండలు చూసి పెరిగినవాళ్లు కూడా ఇక్కడ 33 డిగ్రీలకే ఎందుకు డీలా పడతారు? కారణం ఎండలో లేదు, చెమటలో ఉంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైపోయినప్పుడే చల్లబడుతుంది. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండుగా ఉంటే చెమట ఆరదు, ఊరికే కారుతుంది. దీన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి, అది ఆరుతున్నప్పుడు పాదరసం ఎంతవరకు దిగుతుందో చూస్తారు. గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం, ఉష్ణోగ్రత 42 డిగ్రీలున్నా, తడిగుడ్డ థర్మామీటరు సుమారు 24 దాకా దిగుతుంది. తేమ 65 శాతం ఉన్న మధ్యాహ్నం, ఉష్ణోగ్రత 33 డిగ్రీలే అయినా, అది 27.5 దగ్గరే ఆగిపోతుంది. మన ఒంటి మీది చెమట కూడా ఒక తడిగుడ్డే కాబట్టి, ఉష్ణోగ్రత అంకె చిన్నదైన చోటే ఒంటికి ఉపశమనం తక్కువ.

ఈ తేడా చూడటానికి పరికరాలేమీ అక్కర్లేదు, ఒక మట్టి కూజా చాలు. రోహిణి కార్తెలో మన వసారాలో పెట్టిన కూజా నీళ్లు చల్లగా ఉండేది, గోడల్లోంచి ఊరిన చెమ్మను వడగాలి ఎప్పటికప్పుడు ఆర్పేయడం వల్లనే. అదే కూజాను కౌలాలంపూర్ చుట్టూ ఉన్న క్లాంగ్ లోయలోని ఏదో ఒక ఫ్లాటు బాల్కనీలో పెడితే గోడలు చెమర్చి, కింద పలకలు తడిసి, లోపలి నీళ్లు మాత్రం ఏ మార్పూ లేనట్టుగా ఉంటాయి. ఎయిర్ కూలర్ నడిచేది కూడా కూజా సూత్రం మీదే కనుక, ఇక్కడ అది గదిలోకి మరింత తేమను ఊదే యంత్రంగా మిగులుతుంది. మనం ఎండలకు చేసే ఉపాయాలు చాలావరకు ఇలాగే తిరగబడతాయి. మధ్యాహ్నం తలుపులు, కిటికీలు బిగించి గదిని చీకటి చేసుకోవడం పల్నాడులో తెలివైన పని, ఇక్కడ మాత్రం బిగించిన గది ఆవిరి పట్టిన గది అవుతుంది. వడగాలికి తలుపు వేయాలి, ఉక్కపోతకు తలుపు తీయాలి. మలయ్ పల్లెల్లో మిగిలిన పాత చెక్క ఇళ్లు చూస్తే ఈ సూత్రమే కనబడుతుంది. ఇంటిని నేలకు ఆనించకుండా స్తంభాల మీద నిలబెట్టి, అడుగు నుంచి కూడా గాలి ఆడేటట్టు చేసి, పైన తాటాకు కప్పు వేసి, కిటికీలను దాదాపు నేల మట్టం దాకా దించారు. పట్టణాల్లో పాత దుకాణాల ముందు అటు నుంచి ఇటు దాకా సాగే కప్పున్న నడవను 'కాకి లీమా', అంటే ఐదడుగుల దారి అంటారు. మన అరుగులకు చుట్టం లాంటిదే. సింగపూర్ పట్టణ నిర్మాణం కోసం బ్రిటిషు అధికారి రాఫెల్స్ 1822లో పెట్టిన నిబంధనల నుంచి అది ఈ ప్రాంతమంతా పాకింది. ఎండకూ వానకూ ఒకే గొడుగుగా పనికొచ్చే ఆ నడవలో నడిచినవాళ్లకు, ఇప్పటి అద్దాల భవంతులు ఎవరి వాతావరణం కోసం కట్టారో అర్థం కాదు.

గడియారం విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతా కథంతా గంటల మీద నడుస్తుంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది, అందుకే కాకినాడలో గడియారం పన్నెండు కొట్టేసరికి సూర్యుడు కూడా దాదాపు నడినెత్తికి చేరుకుంటాడు. మలేషియాలో గడియారానికీ సూర్యుడికీ ఇంత పొత్తు లేదు. ద్వీపకల్పంలోని మలేషియా 1982 జనవరి 1న తన గడియారాన్ని అరగంట ముందుకు జరిపి, సముద్రానికి అవతలనున్న సబా, సరవాక్ రాష్ట్రాల సమయంతో కలిసింది, సింగపూర్ కూడా వెంటనే అనుసరించింది. దేశమంతటికీ ఒకే సమయం అమరింది గానీ, కౌలాలంపూర్‌లో సూర్యుడు ఎత్తుకు చేరేసరికి గడియారంలో ఒంటిగంట దాటి పది పదిహేను నిమిషాలవుతుంది. తెల్లవారడం ఏడింటికి అటూ ఇటూ జరుగుతుంది, పిల్లలు చీకట్లోనే బడి బస్సెక్కుతారు. సాయంత్రం ఐదింటికి చల్లబడుతుంది కదా అని పార్కులో నడకకు బయలుదేరినవాడు సూర్యుడి లెక్కలో మూడు ముప్పావుకే బయలుదేరినట్టు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వారంలోనే తలనొప్పి ఎందుకు పట్టుకుంటుందో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు.

ముసిమ్ అంటే గాలి

మలయ్ భాషలో కాలానికి మాట 'ముసిమ్'. అరబిక్ మాట 'మౌసిమ్' నుంచి వచ్చింది. హిందీ మౌసమ్‌కూ ఇంగ్లీషు మాన్సూన్‌కూ మూలం అదే. అరబ్బు నావికులకు ఆ మాటకు అర్థం వేడి, చలి కాదు, ఓడ కదలడానికి అనువైన గాలి వీచే గడువు. మలక్కా రేవు సంపన్నమైంది ఆ గడువు మీదే. కోరమాండల్ తీరం నుంచి నైరుతి గాలి పట్టుకుని వచ్చిన ఓడలు, గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీచేదాకా అక్కడే ఆగాల్సి వచ్చేది. ఆ ఆగడంలోనే బేరాలు జరిగాయి, పెళ్లిళ్లు జరిగాయి, వాడలు వెలిశాయి. అలా వచ్చినవాళ్లకు పడిన 'క్లింగ్' అనే పాత పేరు కళింగం నుంచి వచ్చిందంటారు. ఇప్పుడది తిట్టుగా వినిపించే మాట కనుక నోట రానివ్వకూడదు గానీ, మలక్కాలో 1748లో వెలసిన కాంపుంగ్ క్లింగ్ మసీదు పేరులో అది ఇంకా నిలిచి ఉంది.

గాలులు ఇప్పటికీ అవే. నవంబరు నుంచి మార్చి దాకా దక్షిణ చైనా సముద్రం మీదుగా ఈశాన్య గాలి వీస్తుంది. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా సుమత్రా దీవి మీదుగా నైరుతి గాలి వీస్తుంది. మధ్యలో ఏప్రిల్, అక్టోబరు ప్రాంతాల్లో ఏ గాలికీ బలం లేని సంధికాలం ఉంటుంది. నైరుతి తెలంగాణను తడుపుతుందని, ఈశాన్యం నెల్లూరును తడుపుతుందని తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేనట్టుంటుంది. తేడా అంతా కొండలు ఎక్కడున్నాయన్న దాంట్లో ఉంది. ద్వీపకల్పానికి వెన్నెముకలాగా ఉత్తరం నుంచి దక్షిణానికి తితివాంగ్సా పర్వతాలు సాగుతాయి. ఈశాన్య గాలి సముద్రం మీద తాగిన నీటినంతా ఆ కొండలకు తూర్పున ఉన్న కెలంతాన్, తెరెంగాను, పహాంగ్ రాష్ట్రాల మీద కుమ్మరించి, పడమటి వైపుకు తేలికపడి దిగుతుంది. నైరుతి గాలికేమో ద్వీపకల్పాన్ని చేరేలోపే సుమత్రా పర్వతాలు అడ్డం నిలబడి తేమను పిండేస్తాయి. అందువల్ల మనం వానాకాలమని గొడుగులు దులుపుకునే జూన్, జూలై నెలలే కౌలాలంపూర్‌లో ఏడాది మొత్తంలో తక్కువ వాన పడే నెలలు. తక్కువంటే మన అర్థంలో తక్కువ కాదు. హైదరాబాదులో ఏడాదికి 800 మిల్లీమీటర్ల ప్రాంతంలో కురిస్తే ఇక్కడ 2,400 పైనే కురుస్తుంది, అది ఏ నెలనూ పూర్తిగా వదిలిపెట్టదు.

ప్రయాణం పెట్టుకునేవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. డిసెంబరు సెలవులకు మలేషియా వెళ్లవచ్చా అని అడిగితే, వెళ్లవచ్చు, వెళ్లకూడదు అన్న రెండు జవాబులూ సరైనవే. పడమటి తీరంలో ఉత్తరానున్న లంకావి దీవిలో డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం తేటగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అదే రోజున తూర్పు తీరంలోని పెర్హెంతియాన్, రెదాంగ్ దీవుల్లో బసలు చాలావరకు మూసేసి, పడవలు ఒడ్డుకు లాగేసి ఉంటాయి. ఆ దీవులకు వెళ్లాలంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వెళ్లాలి. ఆ కాలం ముగిసేసరికి లంకావిలో వాన జోరందుకుంటుంది. ఒకే దేశం, మూడు నాలుగు వందల కిలోమీటర్ల తేడా, కాలం మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. తూర్పు తీరంలో ఈ గాలివానల కాలాన్ని 'ముసిమ్ తెంకుజూ' అంటారు. 2014 డిసెంబరులో కెలంతాన్‌ను ముంచెత్తిన వరద బురదతో పచ్చబారి ప్రవహించడం వల్ల అక్కడివాళ్లు దాన్ని ఇప్పటికీ పసుపు వరద అనే పిలుస్తారు.

ఇంత చెప్పాక, కొండలు ఎప్పుడూ కాపాడతాయని కూడా అనుకోకూడదు. 2021 డిసెంబరులో ఒక అల్పపీడనం బలపడి తూర్పు నుంచి ద్వీపకల్పాన్ని దాటుకుంటూ రావడంతో, సాధారణంగా ఆ నెలలో ఊపిరి పీల్చుకునే పడమటి వైపునే రెండు రోజుల పాటు ఎడతెరిపి లేని వాన కురిసింది. షా ఆలం, క్లాంగ్ ప్రాంతాల్లో జనం ఇళ్ల కప్పుల మీదికి ఎక్కాల్సి వచ్చింది. ఆ తర్వాత అద్దె ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాలు మెట్రో ఎంత దూరం అన్న దానితో పాటు, ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి అని కూడా అడగడం మొదలుపెట్టాయి. అడగాల్సిన ప్రశ్నే.

నాలుగింటి వాన

పెద్ద గాలులు లేని సంధినెలల్లో వాన ఎక్కడి నుంచో రాదు, అక్కడికక్కడే వండుకుంటుంది. పొద్దున తొమ్మిదింటికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. పదకొండు దాటేసరికి కొండల వైపున దూదిపింజల్లాంటి మబ్బులు లేస్తాయి. ఎండకు కాగిన నేల మీదనుంచి తడిగాలి పైకి లేచి, పైన చల్లబడి మబ్బు కట్టి, ఆ మబ్బు కట్టడంలో విడుదలైన వేడితో మరింత పైకి లేచి, రెండున్నరకల్లా నల్లటి గోపురంలా నిలబడుతుంది. మూడున్నరకు ఒక్కసారి చల్లగాలి కొట్టి చెట్ల ఆకులు వెన్ను చూపుతాయి. రోడ్డు పక్క మోటార్‌సైకిళ్లవాళ్లు వంతెన కిందికి చేరి, సీటు కింద నుంచి వానకోట్లు తీసి తొడుక్కుంటారు, ఎవరూ ఆకాశం వైపు చూడరు. నాలుగింటికి పిడుగులతో పడుతుంది. గొడుగుతో ఆగే వాన కాదది, గొడుగు పట్టుకున్న చేతినే వంచేస్తుంది. ఐదున్నరకల్లా తగ్గి, ఆరింటికి రోడ్ల మీద ఆవిర్లు లేస్తాయి. ఆ తర్వాత రాత్రి పదకొండు దాకా ఊరంతా బయటే ఉంటుంది. మామాక్ అనే తమిళ ముస్లిముల హోటళ్లలో రోడ్డు మీదికి బల్లలు వేసుకుని, తెహ్ తారిక్ టీని ఒక చెంబు నుంచి ఇంకో చెంబులోకి పొడవుగా సాగదీసి పోస్తూ, అర్ధరాత్రి దాటినా రొట్టెలు కాలుస్తూనే ఉంటారు. ఈ దేశపు బజారు రాత్రి బతకడానికి కారణం ఈ సాయంత్రపు వానేనని నా నమ్మకం.

రోజువారీ పనులను ఈ వాన చుట్టూ అల్లుకోవడం వస్తే మలేషియా జీవితంలో సగం నేర్చుకున్నట్టే. ఎత్తైన చోట్లకు పొద్దునే పోవాలి, విమానం మధ్యాహ్నం మూడు తర్వాత ఉంటే రోడ్డు మీద గంట అదనంగా లెక్కవేసుకోవాలి, బట్టలు ఎనిమిదికల్లా ఆరేసి రెండుకల్లా తీయాలి, మైదానంలో పిల్లల ఆటలు ఉరుము వినబడగానే ఆపించాలి. గంట వానకే రోడ్లు ఏరులవడం కౌలాలంపూర్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. పేరుకే అర్థం బురద నదీ సంగమం. ఆ వరదను దారి మళ్లించడానికి 2007లో ప్రారంభించిన స్మార్ట్ అనే సొరంగం 9.7 కిలోమీటర్ల పొడవుంటుంది. మామూలు రోజుల్లో దాని మధ్య భాగంలో రెండంతస్తుల్లో కార్లు తిరుగుతాయి, వరద ముంచుకొస్తే కార్లను బయటికి పంపేసి, తలుపులు బిగించి, రోడ్డునే నీళ్లకు వదిలేస్తారు. కాలువకూ బాటకూ ఒకే గొట్టం వాడుకునే ఈ ఏర్పాటు, వాన రోజూ వచ్చే అతిథి అయిన ఊరికే తట్టాల్సిన ఆలోచన.

నెలను మార్చుకుంటే చలి దొరకని దేశంలో ఎత్తును మార్చుకుంటే దొరుకుతుంది. సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న కామెరాన్ హైలాండ్స్‌లో ఏడాది పొడవునా తేయాకు, క్యాబేజీ, స్ట్రాబెర్రీ పండుతాయి. మైదానంలో 33 ఉన్న మధ్యాహ్నం అక్కడ 23, 24 ఉంటుంది. దేశంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, 7.8 డిగ్రీలు, 1978 ఫిబ్రవరి 1న అక్కడిదే. అతి ఎక్కువ ఉష్ణోగ్రత మాత్రం థాయిలాండ్ సరిహద్దున, పెర్లిస్ రాష్ట్రంలోని చూపింగ్‌లో 1998 ఏప్రిల్ 9న నమోదైన 40.1 డిగ్రీలు. ఆ సంవత్సరం ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి ఈ ప్రాంతంలో వానలు తగ్గే పరిస్థితి, తీవ్రంగా ఉంది. పెర్లిస్ భూమధ్యరేఖకు కాస్త ఎడంగా ఉండటం వల్ల అక్కడ జనవరి నుంచి మార్చి దాకా నిజమైన పొడికాలం ఒకటి ఉంటుంది. మామిడి పూయాలంటే అలాంటి ఎద్దడి ఒకటి తగలాలి. మలేషియాలో పేరున్న హారుమనిస్ మామిడి పెర్లిస్‌లోనే బాగా పండటానికి కారణం అదే. దురియన్ చెట్టుకు కూడా కొన్ని వారాల ఎండ తగిలితే గానీ పూత రాదు, అందుకే ఏడాదికి ఒక పెద్ద కాపు, ఒక చిన్న కాపు వచ్చి, ఏ ఏడు ఎప్పుడు వస్తుందో కచ్చితంగా చెప్పలేని పరిస్థితి.

పొగ

అంతా గంటల లెక్కే అన్న మాటకు ఒక పెద్ద మినహాయింపు 'జెరెబు', అంటే పొగమంచులా కమ్మే పొగ. జూన్ నుంచి అక్టోబరు మధ్య, ముఖ్యంగా ఎల్‌నినో ఉన్న ఏడాదుల్లో, సుమత్రా, బోర్నియో దీవుల్లోని పీట్ నేలలు కాలడం వల్ల వస్తుంది. పీట్ అంటే వేల ఏళ్లుగా నీళ్లలో నానుతూ కుళ్లకుండా పేరుకున్న ఆకులు, కొమ్మల పొర, కొన్నిచోట్ల మీటర్ల లోతుంటుంది. నీళ్లలో ఉన్నంత కాలం దానికి నిప్పంటదు. తోటలు వేయడానికి కాలువలు తవ్వి ఆ నీళ్లు తోడేసినప్పుడు అది పొయ్యిలో పిడకలా తయారవుతుంది. పైన మంట ఆరినా కింద నెలల తరబడి కుములుతూ ఉంటుంది, గట్టి వాన పడితే గానీ చల్లారదు. నైరుతి గాలి ఆ పొగను తిన్నగా మలక్కా జలసంధి దాటించి తెచ్చి పెడుతుంది. 1997 సెప్టెంబరులో సరవాక్‌లో, 2005 ఆగస్టులో పోర్ట్ క్లాంగ్, కువాలా సెలంగోర్‌లలో, 2013 జూన్‌లో మువార్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. సరిహద్దులు దాటే ఈ పొగ మీద ఆసియాన్ అనే ఆగ్నేయాసియా కూటమి దేశాలు 2002లోనే ఒప్పందం చేసుకున్నా, ఇండోనేషియా పార్లమెంటు దాన్ని ఆమోదించడానికి 2014 దాకా పట్టింది. తోటల యాజమాన్యాల్లో మలేషియా, సింగపూర్ పెట్టుబడులు కూడా ఉన్నాయి కనుక నేరమంతా గాలి వచ్చిన దిక్కుదే అనడం సరికాదు. అక్కడ ఉండేవాళ్లు ఏపీఐ అనే గాలి కాలుష్య సూచిక చూసుకుంటారు: 100 దాటితే పిల్లలకు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది మొదలవుతుంది, 200 దాటితే అందరికీ, 300 దాటితే ఇంట్లోనే ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు మలేషియా ప్రయాణాన్ని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెట్టుకోకపోవడం మంచిది.

ఆరనివి, ఆగనివి

ఋతువులు లేకపోవడం ఇంటి లోపల ఎలా ఉంటుందో మొదటిసారి సెలవుకు ఇంటికెళ్లి వచ్చినప్పుడు తెలిసింది. మూడు వారాలు తాళం వేసిన ఫ్లాటు తలుపు తీసేసరికి చెప్పుల అరలోని నల్ల తోలు బూట్లు తెల్లగా ఉన్నాయి. చేత్తో ముడితే పొడిలా రాలింది. పెళ్లి పట్టుచీర మడతల్లో చుక్కలు చుక్కలుగా బూజు, కెమెరా కటకం లోపల సాలెగూడు లాంటి పొర. మన దగ్గర బూజు వానాకాలపు అతిథి, వస్తుంది, ఎండ కాయగానే పోతుంది. ఇక్కడ దానికి పోవాల్సిన రోజే రాదు. అమ్మ పంపిన ఆవకాయ జాడీ మీద నూనె ఒక వేలెత్తు తేలుతూ ఉండాల్సిందే, తడి గరిటె ఒక్కసారి పడితే అంతే. వడియాలు పెట్టుకుందామన్న ఆశ మొదటి ఏడాదే వదులుకోవాలి. పొద్దున పెట్టిన పిండి మధ్యాహ్నానికి పైన గట్టిపడి, లోపల పచ్చిగా ఉండగానే నాలుగింటి వాన వస్తుంది. మర్నాటికి పులిసిన వాసన. ఊరి నుంచి పెట్టెల్లో అప్పడాలు, వడియాలు, ఎండుమిరపకాయలు ఎందుకు మోసుకొస్తారో చూసేవాళ్లకు వింతగా ఉండవచ్చు గానీ, నిజానికి వాళ్లు మోసుకొచ్చేది ఎండను.

ఆగనిది ఇంకొకటి డెంగీ. మన రాష్ట్రాల్లో అది వానల తర్వాత వచ్చి చలికాలానికి సద్దుమణిగే జబ్బు, కాబట్టి జాగ్రత్తలకు కూడా ఒక కాలం ఉంటుంది. మలేషియాలో దోమకు విశ్రాంతి లేదు. ఏడిస్ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు, గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి ఓర్చుకుని, తడి తగలగానే పొదుగుతాయి. అందుకే వారానికొకసారి నీళ్లు పారబోయడం అనేది ఊరికే పెట్టిన నియమం కాదు, దోమ పెరిగే గడువు కన్నా ముందు పడే అడుగు. పూలకుండీల కింది పళ్లేలు, ఏసీ నీళ్లు పట్టే డబ్బాలు, వాడని మరుగుదొడ్డి తొట్టి చూసుకోవాలి. ఇంటి ఆవరణలో లార్వా కనబడితే 1975 నాటి చట్టం కింద జరిమానా పడుతుంది, అధికారులు తలుపు తట్టి చూస్తారు కూడా. జ్వరం వచ్చినప్పుడు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇంకో చోట: మూడో రోజు తర్వాత జ్వరం దిగగానే గండం గడిచిందనుకుంటారు. డెంగీలో జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదకరమైనవి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికి పోవాల్సిందే. వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒకసారి ఒక రకం వచ్చి తగ్గినవాళ్లకు రెండోసారి వేరే రకం సోకితే మొదటిసారి కన్నా తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకసారి డెంగీ పడి లేచినవాళ్లు ఆ సంగతి అక్కడి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఈ దేశపు గంటల లెక్కను ఉద్యోగాలకు వచ్చిన మనకన్నా ఎంతో ముందే ఒంటి మీద నేర్చుకున్న తెలుగువాళ్లు ఉన్నారు. బ్రిటిషు పాలనలో విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి తోటల్లో కూలికి తీసుకొచ్చిన కుటుంబాల వారసులు పేరక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్ వంటి చోట్ల ఇప్పటికీ ఉన్నారు. రబ్బరు చెట్టు పాలు తెల్లవారకముందే బాగా కారతాయి. రాత్రంతా చల్లదనానికి చెట్టులో నీటి ఒత్తిడి నిండుగా ఉండి, ఎండెక్కేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే నుదుటికి దీపం కట్టుకుని చీకట్లోనే బెరడు గీయాలి, పది దాటకుండా గిన్నెల్లో పాలు పోగుచేయాలి. రాత్రి వాన పడి బెరడు తడిసిందంటే ఆ రోజు గీత లేదు, గీత లేకపోతే ఆ రోజు కూలీ లేదు. రబ్బరు చెట్టు అమెజాన్ అడవుల నుంచి వచ్చింది, వచ్చేటప్పుడు ఒక అలవాటు వెంట తెచ్చుకుంది. ఋతువులు లేని ఈ నేల మీద కూడా ఫిబ్రవరి ప్రాంతంలో ఉన్న ఆకులన్నీ ఎర్రబార్చి రాల్చేస్తుంది. తోటకు తోట మోడుబారి, మూడు నాలుగు వారాల్లో రాగిరంగు చిగుళ్లు వేస్తుంది. మలేషియాలో ఉగాదికి కళ్లకు కనబడే వసంతం ఏదైనా ఉందంటే అదే. ఆ చిగురు ముదిరేదాకా చెట్టుకు పాలు తగ్గుతాయి కనుక, తోటల్లో బతికినవాళ్లకు ఉగాది నెలలో చేతికొచ్చే డబ్బు కూడా తగ్గేది.